నోటుబుక్కు మూసి, పిల్లాడి చేత చదివించండి

ప్రాథమిక పాఠశాలలకు తనిఖీకి వచ్చే అధికారులందరికీ,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుని. సర్వీసు ఇరవై రెండేళ్ళు దాటింది. అందులో ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతులతోనే గడిచిపోయింది. పై తరగతులు తీసుకోమని హెచ్‌ఎంలు (ప్రధానోపాధ్యాయులు) అడిగినా నేనే వద్దన్నాను. మా బడి సముద్రానికి దగ్గర. పిల్లల్లో సగం మంది జాలరి కుటుంబాల వాళ్ళు. మిగిలిన వాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనులకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళ పిల్లలు. ఇంట్లో ఒడియా మాట్లాడే వాళ్ళు ముగ్గురున్నారు. ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే గదిలో నా దగ్గర 34 మంది కూర్చుంటారు.

ఈ ఉత్తరం ఏ ఒక్కరినీ ఉద్దేశించి రాయడం లేదు. ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పేరు పెట్టి రాస్తే జవాబు కూడా ఆ ఒక్కరే ఇచ్చుకోవాలి, విషయం పక్కకు పోతుంది. తనిఖీలో మీరు ఏం చూస్తారో మేం అదే నేర్పుతాం. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

పోయిన డిసెంబరులో మా బడికి తనిఖీ వచ్చింది. వచ్చిన ఆయన మర్యాదస్తులు. కుర్చీ వేస్తే కూర్చోకుండా పిల్లల మధ్య తిరిగారు. రెండో తరగతి తెలుగు నోటుబుక్కులు అడిగి తీసుకుని, అందులోంచి రెండు విడిగా పెట్టారు. ఒకటి ఒక పాపది. ప్రతి పేజీకీ తేదీ, మార్జిను, గుండ్రటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. ‘ఇలా ఉండాలమ్మా’ అన్నారు. రెండోది ఒక గుంటడిది. అందులో ఆయన తెరిచిన పేజీలో ఇలా ఉంది:

మా అయ వల కుడతనాడు. బోటు ఆగిపోనాది. సముదరం దగరకి ఎలలేదు. మా అమకి కోపం.

వాయుగుండం పట్టింది, వేటకు వెళ్ళొద్దు అని చెప్పిన రోజులవి. ఆయన ఎర్ర పెన్ను తీసి ఏడు సున్నాలు చుట్టారు. ‘తప్పులు దిద్దడం లేదు’ అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టి వెళ్ళారు.

ఆయన వెళ్ళాక నేను ఆ పాపను పిలిచి, ఆ అందమైన పేజీనే చదవమన్నాను. గడగడా చదివింది. వేలు మాత్రం రెండో లైను మీద ఉంటే నోరు నాలుగో లైనులో ఉంది. మధ్యలో ఒక పదం చూపించి ఇదేమిటమ్మా అంటే, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఆ పదం దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటిపోయింది. గుంటడు వచ్చి వేలు పెట్టుకుంటూ తన నాలుగు ముక్కలూ చదివాడు. చివరి ముక్క దగ్గర ఆగి, ‘ఇప్పుడు లేదు టీచర్, తగ్గిపోనాది’ అన్నాడు. కోపం గురించి.

తనిఖీ లెక్కలో ఆ పాప పాసు, వాడు ఫెయిలు.

పాప తప్పేమీ లేదు. తప్పు నాది. ఏళ్ళ తరబడి నేను ఎక్కువగా చేయించింది చూచిరాతే. బోర్డు మీద రాస్తాను, వాళ్ళు ఎక్కించుకుంటారు. పేజీ నిండుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది, పక్క తరగతి చూసుకోవచ్చు, ఎవరైనా వస్తే చూపించుకోవచ్చు. తల్లిదండ్రులు కూడా నోటుబుక్కు తిరగేసి ‘మా పిల్ల దస్తూరి బాగుంది’ అని సంతోషపడతారు. అందరికీ సుఖంగా ఉండే పని అది. దానిలో చదువు ఎంత ఉందో ఎవరూ అడగరు. బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు, అక్షరం చూసి అక్షరం గీయడానికి అక్షరం తెలియాల్సిన పని లేదు. ఒడియా పిల్లాడొకడు మా దగ్గర చేరిన మూడో వారానికే బోర్డు మీద ఉన్నది మచ్చ లేకుండా ఎక్కించేశాడు. వాడికి అప్పటికి తెలుగులో ‘నీళ్ళు’, ‘బయటికి’ అన్న రెండు మాటలు మాత్రమే వచ్చు.

గుణింతం సంగతి కూడా ఇలాంటిదే. క కా కి కీ రాగం తీసి పాడించడం మనందరం చిన్నప్పుడు చేసిన పనే. పాడటం తప్పని నేను అనను, పిల్లలకు ఇష్టం. కానీ బోర్డు మీద ‘కూ’ రాసి ఇదేమిటి అంటే, నూటికి సగం మంది పెదవుల మధ్య క నుంచి పాడుకుంటూ, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూ దాకా వస్తారు. వరసలో ఉంటేనే తెలుసు. విడిగా వస్తే తెలియదు. కథల పుస్తకంలో అక్షరాలు వరసలో రావు కదా.

ఇంకో సంగతి చెప్తాను. దీన్ని గమనించడానికి నాకు పదేళ్ళు పట్టింది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇది చెబితే కొందరు నవ్వారు, కొందరు నోట్ చేసుకున్నారు. మనం నేర్పే వరస ఏమిటి? ముందు అచ్చులు, తరవాత హల్లులు, తరవాత గుణింతాలు, అవన్నీ అయ్యాక ఒత్తులు. పుస్తకం ఎలా మొదలైనా, ఇంటి దగ్గరా ట్యూషనులోనూ చాలా బడుల్లోనూ నడిచే వరస ఇదే. ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల తనంతట తాను రాయాలనుకునే మొదటి మాటలు ఏమిటో చూడండి. అమ్మ. నాన్న, అయ్య. అక్క, అన్న, తమ్ముడు, చెల్లి. బువ్వ, అన్నం. పిల్లి, కుక్క. బొమ్మ. చెట్టు. వీటిలో ఒత్తు లేని మాట ఒక్కటైనా ఉందా? మన వరస ప్రకారం వెళితే ‘అమ్మ’ అని రాయడానికి పిల్ల ఏడాదిపైన ఆగాలి. ఈలోపు ‘ఙ’ నేర్చుకుంటుంది. ‘ఙ’ విడిగా రాయాల్సిన అవసరం నా పిల్లల్లో ఎవరికీ ఇన్నేళ్ళలో రాలేదు.

అందుకని నేను వరస మార్చుకున్నాను. జూన్‌లో బడి తెరవగానే ఏడు అక్షరాలతో మొదలుపెడతాను: అ, ల, వ, త, క, ప, డ. ఈ ఏడింటితో మా పిల్లలకు తెలిసిన మాటలు ఎన్ని వస్తాయో చూడండి. అల, వల, తల, కల, పలక, పడవ, కడవ, పడక, అలక, వడ. ‘వడ’ దగ్గర అందరూ నవ్వుతారు. రెండు వారాల్లో అల, వల, పడవ వాళ్ళ పలక మీదికి వచ్చేస్తాయి. తరవాత ఒక్క దీర్ఘం కలుపుతాను. పాప, తాత, పాక, వాడ, కాలవ వస్తాయి. ఒక గుర్తు నేర్పాను, అయిదు మాటలు చేతికి వచ్చాయి. పన్నెండు గుర్తులూ ఒకేసారి పాడిస్తే ఒక్క మాట కూడా చేతికి రాదు. ప, వ, మ, ష లాంటి ఒకే పోలికలో ఉన్న అక్షరాలన్నీ ఒకే వారంలో పెట్టను. ద, ధ, థ కూడా అంతే. ‘వల’లో వ బాగా కుదిరాక గానీ మ బయటికి తియ్యను.

ఒత్తులకు మొదటి టర్మ్‌లోనే వెళ్ళిపోతాను, అన్నింటికీ కాదు. మ్మ, న్న, క్క, య్య, ల్ల. ఈ అయిదు వస్తే ఇంట్లో వాళ్ళందరి పిలుపులూ వచ్చినట్టే. త, న, మ, య, ర, ల, వ ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, అందుకే పిల్లలకు కష్టం. గ, ద, డ ఒత్తులు చిన్న సైజు గ, ద, డ లాగే ఉంటాయి కాబట్టి అవి వాళ్ళే పట్టేస్తారు. రాయించే ముందు చెవికి పట్టిస్తాను. ‘అమ’ అనండి, ‘అమ్మ’ అనండి, పెదవులు ఎంతసేపు మూసుకున్నాయో చూసుకోండి అంటాను. గద, గద్ద. అల, అల్లం. తేడా చెవికి తెలిసిన పిల్లకు ఒత్తు ఎందుకు పెట్టాలో తెలుస్తుంది. తెలియని పిల్లకు అది అక్షరం కింద ఏదో తోక.

మన లిపికి ఇంత కాలం ఎందుకు పడుతుంది అని అడిగేవాళ్ళకు ఒక మాట. ఇంగ్లీషు పిల్లకు అక్షరాల బొమ్మలు తక్కువ, వాటిని పలకడమే గజిబిజి. మనకు పలకడం సులువు, రాసింది రాసినట్టే చదువుతాం. బొమ్మలు మాత్రం వందల్లో ఉంటాయి. హల్లులన్నింటికీ గుణింతం, దాని మీద ఒత్తులు. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడ లిపి నేర్చుకుంటున్న పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. పిల్లలు అక్షర రూపాలన్నీ పట్టుకోవడానికి మొదటి రెండేళ్ళు చాలవని, మూడు నాలుగు తరగతుల దాకా నేర్చుకుంటూనే ఉంటారని అందులో తేలింది. ఒకటో తరగతి చివరికి ‘సిలబస్ పూర్తి’ అని టిక్కు పెట్టమన్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. టిక్కు పెడతాను. నాకూ జీతం కావాలి.

ఇప్పుడు ఆ గుంటడి ఏడు సున్నాల దగ్గరికి మళ్ళీ వస్తాను.

అయ, కుడతనాడు, దగర, ఎలలేదు, అమ. ఈ అయిదింటిలోనూ పోయింది ఒకటే, అదే అక్షరం కింద అదే ఒత్తు. అంటే అయిదు తప్పులు కావు, ఒక్క తప్పు అయిదు సార్లు. ‘సముదరం’ వేరే రకం. ద కింద ర ఒత్తు వాడికి నేను అప్పటికి చెప్పలేదు. చెప్పకపోయినా స-ము-ద-ర అని చప్పుళ్ళన్నీ వరస తప్పకుండా పట్టుకున్నాడు. తెలియని చోట తనకు తెలిసిన అక్షరాలతో దారి వేసుకున్నాడు. ఇక ‘ఆగిపోనాది’. అది అసలు తప్పే కాదు. వాళ్ళింట్లో అలాగే అంటారు. విన్నదాన్ని ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాశాడు. ఏడు సున్నాలు కలిపితే నాకు తేలింది ఒకే ఒక్క పాఠం: ఈ పిల్లాడికి సోమవారం ద్విత్వాలు చెవికి పట్టించాలి. చెప్పాను. శుక్రవారానికి అమ్మకు ఒత్తు వచ్చింది, అయ్యకూ వచ్చింది. ఉత్సాహంలో ‘వల్ల కుడతన్నాడు’ అని వలకు కూడా పెట్టేశాడు. అది కూడా నేర్చుకుంటున్న గుర్తే, కొత్త సైకిలు వచ్చినవాడు పక్క వీధికి కూడా సైకిలు మీదే వెళ్తాడు.

పాప నోటుబుక్కు నుంచి నాకేం తెలిసింది? ఏమీ తెలియలేదు. తప్పుల్లేని పేజీ నాకేమీ చెప్పదు.

సొంతంగా రాయించేటప్పుడు నేను ఎర్ర పెన్ను వాడను. పిల్ల రాసింది పైకి చదవమంటాను, కింద ఒక లైను వదిలి అదే మాట సరిగ్గా రాసిపెడతాను, తేడా నువ్వే చెప్పు అంటాను. ఒక్కొక్కరి దగ్గర ఒక్క రకం తప్పు మాత్రమే పట్టుకుంటాను. అన్నీ ఒకేసారి దిద్దితే పిల్ల మర్నాటి నుంచి తనకు వచ్చిన మాటలు మాత్రమే రాస్తుంది. ‘ఇది ఆవు. ఇది మేక.’ తప్పుండదు. అందులో ఆ పిల్ల కూడా ఉండదు. ఈ పద్ధతిలో నోటుబుక్కు అందంగా రాదు, ఒప్పుకుంటున్నాను.

ఇంటి మాట, బడి మాట గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ ఊళ్ళో కూర్చుని దీని గురించి మాట్లాడకపోతే తప్పు.

సోమవారం పొద్దున్న పిల్లలు చెప్పిన ముచ్చట్లు చార్టు మీద రాస్తాను. వాళ్ళు చెప్తారు, నేను రాస్తాను, అందరం కలిసి చదువుతాం. తమ నోట్లోంచి వచ్చిన మాట చార్టు ఎక్కితే చదవని పిల్ల ఉండదు. ఒకసారి ఒక పిల్ల ‘మా అయ్య ఏటకెల్లినాడు, కానాగంతలు తెచ్చినాడు’ అంది. కానాగంతలంటే ఒక రకం చేపలు. చాక్‌పీసు పట్టుకుని ఆగిపోయాను. ‘మా నాన్న వేటకు వెళ్ళాడు’ అని మార్చి రాయనా? రాస్తే అది ఆ పిల్ల మాట కాదు. చార్టు మీద తన మాట కోసం వెతుక్కుంటే దొరకదు. అలాగే రాస్తే, తరగతి గదిలోకి ఎవరైనా వచ్చి చూస్తే నా పని అయిపోతుంది. చివరికి రెండూ రాశాను. పైన నీలం రంగులో ఆ పిల్ల మాట, కింద నల్ల రంగులో పుస్తకం మాట. పిల్లలే రెండింటికీ తేడాలు పట్టుకున్నారు. ‘మనం అయ్య అంటాం, పుస్తకం నాన్న అంటాది’ అని ఒకడు తేల్చాడు. ఆ పూట నేను చెప్పిన వ్యాకరణం అంతే, దాన్ని కూడా వాడే చెప్పాడు. ఒడియా పిల్లాడు చేపకు తన ఇంటి మాట ‘మాఛొ’ అని మూడో రంగులో చేర్పించుకున్నాడు.

ఈ తగువు మన ప్రాంతానికి కొత్త కాదు. 1907 ప్రాంతంలో మన కోస్తా వైపు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్ళో పిల్లలకు నేర్పే తెలుగు ఇంకొకటి ఎందుకుంది అని ఆయనకు అనుమానం వచ్చింది. విశాఖపట్నంలోనే ఉన్న ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు ఆ ప్రశ్నను అందుకున్నారు. మాట్లాడే తెలుగులోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమం అక్కడి నుంచి నడిచింది. ఇవాళ పత్రికా, పాఠ్యపుస్తకమూ, ఈ ఉత్తరమూ ఈ తెలుగులో ఉన్నాయంటే అందులో ఒక స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుకు వచ్చిన అనుమానం పాలు కూడా ఉంది. తనిఖీకి వచ్చి లెక్కలు చూసి వెళ్ళిపోకుండా, పిల్లలు చదివేదేమిటో విన్న అధికారి ఆయన. మీ ఉద్యోగంలో మీకంటే ముందు కూర్చున్నాయన. ఈ మాట కాస్త మీకు నచ్చాలనే రాశాను.

గిడుగు వారు అంతకుముందే పర్లాకిమిడిలో సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు నడిపించారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29న మేం ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పిల్లల చేత ఆయన మీద ఒక పేజీ వ్యాసం చూచిరాత రాయిస్తాం.

చదవడం గురించి ఇంకా చెప్పలేదు. అక్షరాలు పలకడం చదవడంలో సగమే. పలికినదాని అర్థం తెలియాలి. ఈ రెండింటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే, కూడికలా కాదు, గుణకారంలా. గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో చెప్పిన లెక్క అది. తెలుగులో ఈ ప్రమాదం ఎక్కువ. మనది రాసినట్టే పలికే భాష కాబట్టి పిల్ల అర్థం తెలియకుండా కూడా ధారాళంగా చదివేయగలదు. విన్నవాళ్ళకు చదువు వచ్చేసినట్టే ఉంటుంది.

నేను రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు కథ చదివి వినిపిస్తాను. బొమ్మలు వాళ్ళకు కనబడేట్టు పుస్తకం తిప్పి పట్టుకుని చదవడం నాకు మొదట్లో చేత కాలేదు, మెడ నొప్పి వచ్చేది. పేజీ తిప్పే ముందు ఆగుతాను. ఏమవుతుందో చెప్పండి అంటాను. పది మంది పది చెప్తారు. ఎందుకలా అనుకున్నావు అని అడిగితే, వెనక్కి వెళ్ళి బొమ్మలోనో మాటలోనో ఆధారం చూపించాలి. అదే వాళ్ళ కాంప్రహెన్షన్ పాఠం. ‘నక్క ఎక్కడికి వెళ్ళింది? అడవికి వెళ్ళింది’ లాంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికి కథ అర్థం కానక్కర్లేదు, ‘నక్క’ అన్న మాట ఉన్న లైను ఎత్తి రాస్తే మార్కు పడుతుంది. పిల్లలు చాలా తెలివైనవాళ్ళు, ఈ కిటుకు రెండో తరగతిలోనే కనిపెట్టేస్తారు. ‘నువ్వయితే ఆ నక్కని నమ్ముతావా?’ అని అడిగి చూడండి. గదిలో గోల. ఆ గోలలో తనిఖీ వాళ్ళు వస్తే ఈ టీచరుకు క్లాస్ కంట్రోల్ లేదంటారు.

పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి. మంచివే వచ్చాయి. అన్నీ హెచ్‌ఎం గదిలో బీరువాలో తాళం వేసి ఉన్నాయి. హెచ్‌ఎం చెడ్డమనిషి కాదు. స్టాకు రిజిస్టరులో ఎక్కిన ప్రతి పుస్తకానికీ ఆవిడ లెక్క చెప్పాలి. చిరిగితే ఎవరు చింపారు, పోతే ఎవరు కట్టాలి అని అడుగుతారు. ఆరేళ్ళ పిల్లల చేతికిచ్చాక పుస్తకం చిరక్కుండా ఉంటుందా? చిరగని పుస్తకం అంటే ఎవరూ చదవని పుస్తకమే. నేను పూర్ణా మార్కెట్ దగ్గర సొంత డబ్బుతో కొన్ని కథల పుస్తకాలు కొని, తరగతి గదిలో తాడు కట్టి బట్టలు ఆరేసినట్టు ఆరేశాను. ఏడాదిలో సగం చిరిగాయి. మిగిలిన సగం కూడా చిరగాలని కోరుకుంటున్నాను. తనిఖీలో స్టాకు రిజిస్టరు చూసినప్పుడు, చిరిగిన పుస్తకాల సంఖ్య ఎక్కువ ఉన్న బడిని ఒక్కసారి మెచ్చుకుని చూడండి. మర్నాటి నుంచి జిల్లాలో బీరువాలన్నీ తెరుచుకుంటాయి.

అంకెలు మీకు నాకంటే బాగా తెలుసు. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గ్రామాల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం. కోవిడ్ తరవాత 2022లో 10.3 శాతం. పదిమందిలో ఒకరు. దేశం మొత్తం మీద 2022లో 20.5 శాతం ఉన్నది, 2024కి 27.1కి వచ్చింది, అంటే కోవిడ్ ముందున్న చోటికి. ఈ అంకెల మీద వాదనలుంటాయి. నేను చెప్పదలచుకున్నది వాళ్ళు కొలిచే తీరు గురించి. అసర్ వాళ్ళు పిల్లాడి ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని, ఒక కాగితం చేతిలో పెట్టి చదవమంటారు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకుంటారు. ఒక్క పిల్లాడికి కొద్ది నిమిషాల పని. నోటుబుక్కు అడగరు. మా నోటుబుక్కులు అడిగి ఉంటే రాష్ట్రంలో నూటికి నూరు శాతం వచ్చేది.

చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు అందరికీ రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ 2021 జూలై 5న మొదలైంది. అందులో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అని లక్ష్యాలు పెట్టారు. మా గోడల మీద కూడా రాశాం. కానీ తెలుగులో ‘వెళ్ళిపోతున్నాడు’ ఒక్క పదం. వేరే భాషల్లో అది మూడు, నాలుగు పదాలు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో ఈ తేడా గుర్తించి భాషకొక కొలత పెట్టారు. మా దగ్గరికి స్టాప్‌వాచీతో వచ్చేవాళ్ళకు మాత్రం ఇంకా 60 ఒక్కటే గుర్తుంటోంది. స్టాప్‌వాచీ చూడగానే నత్తి ఉన్న పిల్లాడొకడు నోరు మూసేసుకున్నాడు, ఆ పూట ఇక తెరవలేదు. వాడు మా క్లాసులో అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివినవాడు. టెన్షన్‌లో పెద్దవాళ్ళమే సంతకం మర్చిపోతాం.

యాపుల గురించి అందరూ రాశారు, నేను రాయను. ఒక్కటే అడుగుతాను. పొద్దున్న మొదటి గంట మమ్మల్ని ఫోను ముట్టుకోమనొద్దు. భోజనం లెక్క, హాజరు ఫొటో, ఏదైనా ఆ గంట తరవాత పంపిస్తాం. ఆ గంటలో 34 మందిలో ఆరుగురు చదవడం నేను వినగలను. వారంలో అందరివీ ఒక చుట్టు అయిపోతుంది. ఇంతకంటే పెద్ద పథకమేదీ నేను అడగడం లేదు.

ఇక మీరు ఈసారి వచ్చినప్పుడు, నోటుబుక్కులు బల్ల మీద పెడతాం, పెట్టకపోతే బాగుండదు. వాటిని తెరవకండి. చాప మీద పిల్లల పక్కన కూర్చోండి, కుర్చీలో కూర్చుంటే వాళ్ళు పైకి చూస్తూ చదవాలి. ఏ పిల్లనైనా మీరే ఎంచుకోండి. నేను ముందుకు తోసిన పిల్లను వద్దనండి, వెనక గోడకు ఆనుకుని తల దించుకున్న పిల్లను పిలవండి. మన పాఠ్యపుస్తకంలోంచి చదివించొద్దు, అది వాళ్ళకు కంఠతా వచ్చేసి ఉంటుంది. చదివాక ఒక్క ప్రశ్న వేయండి, జవాబు పుస్తకంలో దొరకని ప్రశ్న. తరవాత పలక ఇచ్చి, నిన్న ఇంట్లో ఏం జరిగిందో రెండు ముక్కలు రాయమనండి. రాసింది వాళ్ళ చేతే చదివించుకోండి. తప్పులు కనిపిస్తే లెక్కపెట్టకుండా, అవి ఎన్ని రకాలో నన్ను అడగండి. నేను చెప్పలేకపోతే అప్పుడు నా రిజిస్టరులో రాయండి, సంతకం పెడతాను.

ఆ పాపకు ఇప్పుడు మూడో తరగతి. పక్క గదిలో ఉంటుంది కానీ మధ్యాహ్నం కథకు వచ్చి మా గుమ్మంలో కూర్చుంటుంది. రెండో టర్మ్ నుంచి ఆమె చేత చూచిరాత మాన్పించాను. ఒక నెల ఏమీ రాయలేదు, పేజీ పాడవుతుందని భయం. తరవాత ఒకరోజు పెన్సిలుతో చాలా చిన్న అక్షరాలతో ‘నాకు రాదు’ అని రాసి చూపించింది. ఒక్క తప్పు లేకుండా రాసిన సొంత వాక్యం అది. ఇప్పుడు రాస్తోంది, కొట్టివేతలతో.

వచ్చేటప్పుడు వీలైతే పిల్లల కథల పుస్తకం ఒకటి, మా దగ్గర లేనిది, పట్టుకు రండి. తాడు మీద ఉన్నవన్నీ వాళ్ళకు నోటికి వచ్చేశాయి, వాటితో పరీక్ష పెడితే మోసపోతారు.

ఇట్లు,
ఒక సెకండరీ గ్రేడ్ టీచరు,
విశాఖపట్నం